ఐర్లండ్‌లో రగ్బీ: అందరూ చూస్తారు, కొందరే ఆడతారు (అపోహలు - వాస్తవాలు)

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే నాకు శనివారాలు ఉండవు. సిక్స్ నేషన్స్ (ఐరోపాలోని ఆరు దేశాల రగ్బీ పోటీ) మ్యాచ్ ఉన్న రోజు పొద్దున ఎడిటింగ్ గదిలో కూర్చున్నానంటే రాత్రి హైలైట్స్ పంపేదాకా లేవను. డబ్లిన్‌లో స్పోర్ట్స్ వీడియో ఎడిటర్‌గా 11 ఏళ్లుగా ఇదే పని. ఆదివారం పొద్దున మాత్రం మా ఇంటి దగ్గరి క్లబ్‌లో చిన్నపిల్లలకు రగ్బీ నేర్పే కోచ్‌లకు సాయంగా వెళ్తాను. శనివారం 50 వేల మంది కేకల మధ్య చూసిన ఆటనే ఆదివారం ఇరవై మంది అమ్మానాన్నల పక్కన, బురదలో నిలబడి చూస్తాను. ఈ ఆట గురించి బయట చెప్పుకునేదంతా శనివారం చూసి చెప్పుకునేదే.

ఇక్కడి తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు నన్ను అడిగేవి, విజయవాడ నుంచి మావాళ్లు ఫోన్లో అడిగేవి, నాతో పనిచేసే ఐరిష్‌వాళ్లు కూడా నమ్మేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: రగ్బీ ఐర్లండ్ జాతీయ క్రీడ

టీవీ చూస్తే అలాగే అనిపిస్తుంది. 2009, 2018, 2023లో గ్రాండ్‌స్లామ్‌లు, అంటే సిక్స్ నేషన్స్‌లో ఐదు మ్యాచ్‌లూ, గెలిచారు. ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. మ్యాచ్ రోజు పబ్బుల్లో, బస్సుల్లో ఎక్కడ చూసినా ఆకుపచ్చ చొక్కాలే.

కానీ ఊరూరా ఉన్న ఆట ఇది కాదు. ఐర్లండ్ పల్లెల్లోకి వెళ్తే చర్చి, పబ్బు, ఆ పక్కన గేలిక్ మైదానం కనిపిస్తాయి. ఐర్లండ్ సొంత ఆటలైన హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్‌లను నడిపే సంస్థ జీఏఏ 1884లో తర్లస్ పట్టణంలో పుట్టింది. దానికి దేశమంతా దాదాపు 1,600 క్లబ్‌లు. రగ్బీ క్లబ్‌లు 200 పైచిలుకు మాత్రమే. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఆడే గేలిక్ ఆటగాడికి జీతం ఉండదు, ఆ వారంలోనే మళ్లీ స్కూల్లో పాఠం చెప్పుకుంటాడు. ఆడేవాళ్ల లెక్క తీస్తే సాకర్, గేలిక్ ఎంతో ముందుంటాయి. చూసేవాళ్ల లెక్క తీస్తేనే రగ్బీ వాటి పక్కకు వస్తుంది.

అపోహ: టీవీలో, పేపర్లో ఎక్కువ కనిపిస్తోందంటే జనం ఎక్కువ ఆడుతున్నట్టే

ఇది నా పనికి సంబంధించిన సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సిక్స్ నేషన్స్ చలికాలం చివర్లో వస్తుంది. గేలిక్ ఛాంపియన్‌షిప్ వేడి అప్పటికింకా మొదలుకాదు. సాయంత్రాలు చీకటి, బయట వాన, ఇంటిల్లిపాదీ టీవీ ముందే. మ్యాచ్‌లు ఐదే కాబట్టి ప్రతి మ్యాచూ పండుగే. ఆపైన జాతీయ జట్టు గెలుస్తోంది. గెలిచే జట్టు చుట్టూ కెమెరాలు చేరడం ఏ దేశంలోనైనా మామూలే.

రెండో కారణం ప్రకటనలు. జాతీయ జట్టు చొక్కా మీద 2016 నుంచి వోడాఫోన్ పేరు. స్టేడియానికి ఇన్సూరెన్స్ కంపెనీ అవీవా పేరు. ఐర్లండ్‌లోని నాలుగు ప్రావిన్సులకూ ఒక్కో జట్టు ఉంటుంది, వాటిలో లెన్‌స్టర్, మన్‌స్టర్ జట్ల వెనక బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్. ఇంటి లోను తీసుకునేవాళ్లు, పెన్షన్ ప్లాన్ కొనేవాళ్లు రగ్బీ చూస్తారని ఈ కంపెనీలకు తెలుసు. ఎంతమంది చూశారన్న లెక్క ఒక్కటే కాదు, చూసేవాళ్ల చేతిలో ఎంత డబ్బుందన్నది కూడా ఏ ఆటకు ఎన్ని నిమిషాలు దక్కుతాయో తేలుస్తుంది. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాళ్లకు ఇది రోజూ కనిపించేదే.

అయితే అన్నీ ఉచితంగా వస్తాయనుకోవద్దు. సిక్స్ నేషన్స్ మ్యాచ్‌లను 2022 నుంచి ఆర్‌టీఈ, వర్జిన్ మీడియా పంచుకుని ఉచితంగా చూపిస్తున్నాయి. ప్రావిన్సుల మ్యాచ్‌లు కొన్ని డబ్బు కట్టే ఛానళ్లకు వెళ్లిపోయాయి. 2010లో అప్పటి మంత్రి ఏమన్ రయన్ సిక్స్ నేషన్స్‌తో పాటు ప్రావిన్సుల జట్లు ఆడే యూరప్ పోటీ హైనెకెన్ కప్‌ను కూడా ఉచిత ప్రసారాల జాబితాలో పెట్టాలని ప్రతిపాదించారు. ఆ ఆదాయం పోతే ఆటగాళ్లను దేశంలో నిలుపుకోలేమంటూ ఐర్లండ్ రగ్బీని నడిపే యూనియన్ గట్టిగా ఎదురుతిరిగింది. ప్రతిపాదన అక్కడితో ఆగింది. యూనియన్ భయం నాకు అర్థమవుతుంది. కానీ సబ్‌స్క్రిప్షన్ లేని ఇంట్లో పిల్లాడు తన ప్రావిన్స్ మ్యాచ్‌లు కొన్ని చూడకుండానే పెద్దవాడవుతున్నాడు. ఆ నష్టాన్ని ఏ ఖాతాలో రాస్తారు?

అపోహ: ఇది డబ్బున్నోళ్ల ఆట

ఎక్కువగా వినబడే మాట ఇదే. ఎక్కడ నిలబడి అంటున్నారన్నదాన్ని బట్టి ఇది నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు.

డబ్లిన్‌లో నిలబడితే చాలావరకు నిజం. లెన్‌స్టర్ స్కూల్స్ సీనియర్ కప్ 1887 నుంచి జరుగుతోంది. ఒక్క బ్లాక్‌రాక్ కాలేజే దాన్ని 65 సార్లకు పైగా గెలిచింది. బ్లాక్‌రాక్, సెయింట్ మైకేల్స్, క్లాంగోస్ వుడ్, బెల్వెడెర్ అన్నీ ఫీజు కట్టే స్కూళ్లే. దేశంలోని 700 పైచిలుకు హైస్కూళ్లలో ఇలా ఫీజు తీసుకునేవి 50 దాకా ఉంటాయి. అక్కడ కూడా టీచర్లలో ఎక్కువమందికి జీతాలు ప్రభుత్వమే ఇస్తుందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఫీజు డబ్బు మైదానాలకు, జిమ్‌లకు, కోచ్‌లకు మిగులుతుంది. జాతీయ జట్టుకు ఆడినవాళ్లలో బ్రయన్ ఓడ్రిస్కల్, గారీ రింగ్‌రోజ్, హ్యూగో కీనన్ బ్లాక్‌రాక్‌లో చదివారు, జేమ్స్ రయన్ సెయింట్ మైకేల్స్‌లో చదివాడు. పదిహేడేళ్ల పిల్లల మ్యాచ్‌కు పేపర్లు పేజీలకు పేజీలు ఇస్తాయి. అదే వయసులో గవర్నమెంట్ స్కూల్ పిల్లాడు సాకర్‌లోనో బాక్సింగ్‌లోనో ఎంత బాగా ఆడినా అన్ని పేజీలు దొరకవు.

ఇందులో ఒక మెలిక ఉంది. కేలన్ డోరిస్‌ది పశ్చిమాన మేయో కౌంటీలో సముద్రం పక్కనున్న లాకెన్ అనే చిన్న ఊరు. బ్లాక్‌రాక్ హాస్టల్లో ఉండి చదివాడు. పల్లెటూరి కుర్రాడు ఐర్లండ్ కెప్టెన్ అయ్యాడని రాస్తే నిజమే, ఫీజు స్కూల్ నుంచి మరో కెప్టెన్ వచ్చాడని రాసినా నిజమే. ఏ శీర్షిక పెడతామన్నది మా చేతుల్లో ఉంటుంది.

ఇప్పుడు లిమెరిక్ రండి. రైల్లో డబ్లిన్ నుంచి రెండు గంటల పైన. ఇక్కడ రగ్బీ రేవు కూలీల ఆట, ఫ్యాక్టరీ కార్మికుల ఆట, పేటల మధ్య పంతాల ఆట. షానన్, యంగ్ మన్‌స్టర్, గారియోవెన్, థోమండ్... ఒక్కో క్లబ్‌కు ఒక్కో పేట. బంతిని ఆకాశానికి తన్ని దాని కింద పరుగెత్తే ఎత్తుగడకు ప్రపంచమంతా గారియోవెన్ అనే పేరు, ఈ లిమెరిక్ క్లబ్ నుంచి వచ్చిందే. 1978 అక్టోబర్ 31న మన్‌స్టర్ జట్టు ఇక్కడి థోమండ్ పార్క్‌లో న్యూజీలాండ్‌ను 12-0తో ఓడించింది. 1993లో యంగ్ మన్‌స్టర్ డబ్లిన్‌కు వచ్చి, లాన్స్‌డౌన్ రోడ్‌లో సెయింట్ మేరీస్ కాలేజ్ క్లబ్‌ను ఓడించి ఆల్ ఐర్లండ్ లీగ్ ఎత్తుకుపోయింది.

థోమండ్ పార్క్ రికార్డింగ్‌ను చూడగానే గుర్తుపట్టేస్తాను. వచ్చిన జట్టు ఆటగాడైనా సరే, గోల్ కిక్ కొట్టబోతుంటే జనమంతా నోరు మూసుకుంటారు. అది అక్కడి మర్యాద. నా స్క్రీన్ మీద అప్పటిదాకా కొండల్లా లేచి పడుతున్న సౌండ్ గీత ఒక్కసారిగా దారంలా సన్నబడుతుంది. 25 వేల మంది ఉన్న చోట బూటు బంతికి తగిలిన చప్పుడు విడిగా వినిపిస్తుంది. మొదటిసారి మైక్ పాడైందనుకుని కంగారుపడ్డాను.

జాతీయ జట్టుకు ఆడిన రైతుబిడ్డలూ ఉన్నారు. టైగ్ ఫర్లాంగ్ వెక్స్‌ఫర్డ్‌లోని కాంపైల్ దగ్గర పొలాల్లో పెరిగాడు, న్యూ రాస్ క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు. షాన్ ఓబ్రయన్ కార్లో కౌంటీలోని టల్లో నుంచి వచ్చాడు. ఐర్లండ్‌కు 100 టెస్టులు ఆడిన మొదటి ఆటగాడు జాన్ హేస్ లిమెరిక్ రైతు. రగ్బీ మొదలుపెట్టేనాటికే పెద్దవాడు, అప్పటిదాకా ఆడింది గేలిక్.

అయినా లిమెరిక్‌ను చూపించి డబ్లిన్ సంగతి దాటేయడం నాకు నచ్చదు. జాతీయ జట్టులో ఎవరెవరు ఏ స్కూల్లో చదివారో రాసుకుంటూ పోతే అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. కార్మికుల రగ్బీ ఉంది. కానీ పచ్చ చొక్కా దాకా వెళ్లే దారి ఇప్పటికీ ఎక్కువగా ఆ కొద్ది గేట్ల గుండానే పోతోంది.

అపోహ: బ్రిటిష్‌వాళ్ల ఆట కాబట్టి స్వాతంత్ర్యం కోరినవాళ్లు దీన్ని అసహ్యించుకున్నారు

ద్వేషం ఉన్నమాట నిజం. 1971 దాకా జీఏఏ సభ్యుడెవరైనా రగ్బీ, సాకర్, క్రికెట్ లాంటి పరాయి ఆటలు ఆడినా, చూడటానికి వెళ్లినా వెలి వేసేవారు. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్‌కు హాజరైనందుకు ఆయన్నే జీఏఏ పోషకుల జాబితా నుంచి తీసేశారు.

కానీ 1916 తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన ఏమన్ డి వలెరా కుర్రతనంలో రగ్బీ ఆడారు, చివరిదాకా ఆ ఆటను ఇష్టపడ్డారు. 1920లో 18 ఏళ్లకే బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన కెవిన్ బ్యారీ బెల్వెడెర్ స్కూల్ రగ్బీ జట్టులో ఆడినవాడు.

ఆ ఉరి జరిగిన నెలలోనే, నవంబర్ 21న, క్రోక్ పార్క్‌లో గేలిక్ మ్యాచ్ చూస్తున్న జనం మీద బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వారిలో మైదానంలో ఆడుతున్న టిపెరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకరు. మన జలియన్‌వాలా బాగ్ జరిగిన మరుసటి ఏడాది ఇది. అదే మైదానంలో 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ జట్టు నిలబడింది, వాళ్ల జాతీయగీతం మోగింది. గొడవ అవుతుందేమోనని దేశమంతా టెన్షన్. ఒక్క ఈల కూడా వినపడలేదు. ఆ తర్వాత ఐర్లండ్ గీతం మోగుతుంటే ఆ లిమెరిక్ రైతు జాన్ హేస్ చెంపల మీదుగా కన్నీళ్లు కారాయి.

ఐర్లండ్ 43-13తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఒక ట్రై, అంటే గీత దాటి బంతిని నేలకు ఆనించడం, నేను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రోనన్ ఓగారా మైదానానికి అడ్డంగా మూలకు బంతిని ఎత్తి తన్నాడు. షేన్ హోర్గన్ కింద ఎదురుచూడలేదు. ఇంగ్లండ్ ఆటగాడి తలపైకి ఎగిరి, రెండు చేతులూ చాచి, గాల్లోనే బంతిని అందుకుని గీత అవతల పడ్డాడు. అది రగ్బీ పుస్తకంలో నేర్పే పట్టు కాదు. మీత్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగినవాడి పట్టు. జీఏఏ గుడి లాంటి మైదానంలో, జీఏఏ నేర్పిన చేతులతో, ఇంగ్లండ్ మీద రగ్బీ ట్రై. పరాయి ఆట, సొంత ఆట అనే గోడ నాకు ఆ ఒక్క ఫ్రేములో కూలిపోతూ కనిపిస్తుంది.

అపోహ: ఐర్లండ్ జట్టంటే రిపబ్లిక్ జట్టు

కాదు. 1879లో యూనియన్ ఏర్పడినప్పటి నుంచీ ద్వీపమంతటికీ ఒకటే జట్టు. దేశం రిపబ్లిక్‌గా, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌గా రెండైనా జట్టు రెండు కాలేదు. బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంటూ, కార్క్ క్యాథలిక్కూ పక్కపక్కన నిలబడతారు. అందుకే 1995 ప్రపంచకప్ కోసం ఇద్దరూ పాడగలిగే పాట ఒకటి రాయించారు. ఈ ఐక్యత తేలిగ్గా దొరికింది కాదు. 1987లో ప్రాక్టీసు కోసం కారులో డబ్లిన్ వస్తున్న ఉత్తరాది ప్రావిన్స్ అల్‌స్టర్ ఆటగాళ్లు ముగ్గురు సరిహద్దు దగ్గర సాయుధ సంస్థ ఐఆర్ఏ వేరొకరి కోసం పెట్టిన బాంబు పేలుడులో చిక్కుకున్నారు. వారిలో నైజెల్ కార్ ఇంకెప్పుడూ ఆడలేకపోయాడు.

అపోహ: ఐర్లండ్ న్యూజీలాండ్‌ను తొలిసారి ఓడించింది 2016లో

చికాగోలో 40-29. 111 ఏళ్ల నిరీక్షణ తీరిందని అందరూ రాశారు, నేనూ ఆ హైలైట్స్ మీద రాత్రంతా కూర్చున్నాను. కానీ దానికి రెండేళ్ల ముందే, 2014 ఆగస్టులో, పారిస్ దగ్గరి మార్కూసీలో ఐర్లండ్ మహిళలు ప్రపంచకప్‌లో న్యూజీలాండ్‌ను 17-14తో ఓడించారు. కెప్టెన్ ఫియోనా కోగ్లన్ టీచరు, నీవ్ బ్రిగ్స్ పోలీసు. సెలవు పెట్టుకుని వెళ్లి గెలిచారు. అంతకు ముందు ఏడాది వాళ్లు గ్రాండ్‌స్లామ్ కూడా గెలిచారు. 2021 డిసెంబర్‌లో 62 మంది పాత, కొత్త క్రీడాకారిణులు యూనియన్ మీద నమ్మకం పోయిందని ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే తప్ప కదలిక రాలేదు. మహిళల పదిహేనుమంది జట్టుకు జీతాల కాంట్రాక్టులు 2022లో మొదలయ్యాయి. "తొలిసారి" అనే మాట స్క్రీన్ మీద పెట్టే ముందు ఎవరికి తొలిసారో అడుగుతున్నాను ఇప్పుడు.

అపోహ: ఫీజు స్కూల్లో చేర్చకపోతే మన పిల్లలకు ఈ ఆట అందదు, అందినా దెబ్బలే

పోయిన సెప్టెంబరులో ఒక తెలుగు తల్లి కొడుకును తీసుకొచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది. "వీడు సన్నగా ఉంటాడన్నా, వీళ్ల మధ్య నలిగిపోడూ?" అంది. నేను వాడి నడుముకు ట్యాగ్ బెల్టు కట్టాను. చిన్నవాళ్లకు ఒకరినొకరు పడదోయడం ఉండదు, నడుముకు వేలాడే పట్టీని లాగితే చాలు, ట్యాకిల్ తర్వాత మెల్లగా నేర్పుతారు. మొదటి ఇరవై నిమిషాలు వాడు బంతి వైపే చూడలేదు. తర్వాత ఒక పొడవాటి ఐరిష్ కుర్రాడి పట్టీ లాగి, దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని అమ్మ వైపు పరుగెత్తాడు. ఆట ఇంకా నడుస్తోందని ఎవరు చెప్పినా వినలేదు.

తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, పిల్లాణ్ని వెంటనే బయటకు తీసుకొస్తారు. 20 ఏళ్లలోపు వాళ్లు కనీసం 23 రోజులు మళ్లీ మ్యాచ్ ఆడకూడదు. ఏ కోచ్ అయినా ఈ విషయంలో మెత్తగా ఉన్నాడనిపిస్తే ఆ క్లబ్ మానేయండి, మొహమాటపడొద్దు. క్లబ్ సభ్యత్వం ఖర్చు స్కూల్ ఫీజు పక్కన లెక్కలోకే రాదు. మీ దగ్గరి క్లబ్ సెప్టెంబరులో మొదలవుతుంది. పళ్లకు దెబ్బ తగలకుండా గమ్‌షీల్డ్ ఒకటి కొనండి, బూట్లు పాతవైనా పర్లేదు, కారులో ఒక తువ్వాలు పెట్టుకోండి.