ఎరుపు కనపడని గాజు ప్లేటు

పాత ఫోటోల్లో కొందరి కళ్లు అంత తెల్లగా ఎందుకుంటాయి, ఆత్మ ఆవహించిందంటారు, నిజమేనా అని ఒకరు అడిగారు. ఆత్మ లేదు, గీత్మ లేదు. అవి నీలి కళ్లు, అంతే.

ఆ ఫోటోలు తీసింది 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన వెట్ ప్లేట్ పద్ధతిలో, అంటే తడిగా ఉన్న గాజు పలక మీద. నాకు పాత ప్లేట్లు సేకరించే పిచ్చి ఉంది, అది ముదిరి ఇప్పుడు నేనే తీస్తున్నాను. గాజు పలకని ఒక మూల పట్టుకుని మధ్యలో కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, నాలుగు మూలలకీ పారేలా వంచి, మిగిలింది సీసాలోకి ఒంపేస్తాం. ఈథర్ వాసన గుప్పుమంటుంది. జిగట తగ్గకముందే సిల్వర్ నైట్రేట్‌లో మూడు నాలుగు నిమిషాలు ముంచితే, కొలోడియన్‌లోని అయొడైడ్, బ్రోమైడ్ లవణాలు వెండితో కలిసి, కాంతికి స్పందించే సిల్వర్ అయొడైడ్, సిల్వర్ బ్రోమైడ్ అవుతాయి, పలక తెల్లబడుతుంది. ఆరేలోపు ఫోటో తీయడం, డెవలప్ చేయడం అన్నీ అయిపోవాలి. వేళ్ల మీద నల్ల మచ్చలు మాత్రం చర్మం ఊడితేగానీ పోవు.

అసలు విషయం ఎరుపు దగ్గరుంది. సిల్వర్ అయొడైడ్‌లో ఎలక్ట్రాన్‌ని కదిలించాలంటే ఒక్కో ఫోటాన్‌కి, అంటే ఒక్కో కాంతి రేణువుకి, దాదాపు 2.9 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉండాలి, బ్రోమైడ్‌కి కాస్త తక్కువైనా సరిపోతుంది. ఎరుపు ఫోటాన్‌కి ఉన్నది సుమారు 1.9. పోనీ ఎరుపు ఫోటాన్లు ఎక్కువ వస్తే? లాభం లేదు. నిలువెత్తు గోడని ఒక్కడూ ఎగిరి దాటలేనప్పుడు వందమంది వచ్చి ఎగిరినా ఎవడూ దాటడు, అందరి ఎగురుళ్లూ కలిపి లెక్క కట్టరు కదా. కాంతి ప్రకాశం అంటే ఎంతమంది, రంగు అంటే ఒక్కొక్కడు ఎంత ఎత్తు ఎగరగలడు. ఫిజిక్స్ పాఠంలో ఈ రెండూ విడదీసి చెప్పకుండా నేరుగా సూత్రం రాయించేస్తారు, అదే నా బాధ.

అందుకే డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం పెట్టుకుని హాయిగా పని చేసుకోవచ్చు. అందుకే ఎర్ర గులాబీ, పసుపు చొక్కా నల్లగా పడతాయి, నీలాకాశం మబ్బులతో సహా తెల్లకాగితమైపోతుంది. నీలి కంటిపాపలో రంగు పదార్థం తక్కువ, అది నీలి కాంతిని వెనక్కి చెదరగొడుతుంది, ప్లేటుకి కావలసింది సరిగ్గా అదే. మొహం మీద కంటికి ఆనని మచ్చలు కూడా నల్లగా తేలతాయి, మెలనిన్ నీలాన్ని, అతినీలలోహితాన్ని మింగేస్తుంది గనక. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త రంగు అద్దకాలు కలిపి ప్లేటుకి ఆకుపచ్చ చూపించేదాకా ఇదే కథ.

ఇక ఆత్మల ఫోటోలంటారా, వాడేసిన గాజుని సరిగ్గా కడగకపోతే పాత మనిషి కొత్త మనిషి వెనక లీలగా కనిపిస్తాడు. విలియం మమ్లర్ అనే ఆయన ఆత్మల ఫోటోలు తీస్తానని డబ్బులు చేసుకున్నాడు, 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు కూడా పెట్టారు, రుజువు చాలక వదిలేశారు.