మోషన్స్ ఆగాక కూడా జింక్ మాత్ర ఎందుకు? కుందేలు పేగు దగ్గర మొదలైన కథ

విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్క వాళ్లింట్లో ఫ్రిజ్ మీద జింక్ మాత్రల స్ట్రిప్ ఒకటి పడుంది. రెండేళ్ల బాబుకి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఆశా కార్యకర్త ఓఆర్‌ఎస్ ప్యాకెట్లతో పాటు పద్నాలుగు రోజులకు సరిపడా ఇచ్చి వెళ్లింది. నాలుగు వాడి ఆపేశారు. "మోషన్స్ తగ్గిపోయాయి కదరా, ఇంకెందుకు?" అంది అక్క. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇళ్లల్లో రోజుల తరబడి నిలిచినప్పటి నుంచి మా వైపు ఏ పిల్లాడికి కడుపు పాడైనా టెన్షనే. గుంటూరు పాతబస్తీ వాళ్లకి 2018లో తాగునీళ్లలో మురుగు కలిసినప్పటి భయం ఇంకా గుర్తే. ఇంత భయపడే మనమే ఆ మాత్రని సగంలో వదిలేస్తున్నాం. ఎందుకంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏం చేస్తుందో మనకెవరూ చెప్పలేదు.

ఆ కథ కలరాతో మొదలవుతుంది. కలరా క్రిమి ఏదో విషం వదులుతోందని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1884లోనే అనుమానించాడు, కానీ దాన్ని చూపించడానికి ఇంకో డెబ్బై అయిదేళ్లు పట్టింది. చూపించింది కలకత్తాలో శంభునాథ్ దే అనే డాక్టర్. కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివరలా దారంతో కట్టి, మధ్యలోకి కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని ఎక్కించాడు. క్రిములన్నీ వడకట్టేసిన ద్రవమే సుమా, ఒక్కటి కూడా మిగలకుండా. అయినా ఆ పేగు ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది. అంటే నీళ్లు లాగేస్తున్నది క్రిమి కాదు, అది వదిలిన విషం. 1959లో ఇది నేచర్ పత్రికలో వచ్చింది. ఇంత పెద్ద పని మన దేశంలో, అంత తక్కువ సౌకర్యాలతో జరిగిందని మన పిల్లల పాఠాల్లో కనపడకపోవడం నాకు నిజంగా బాధ.

ఆ విషం పేగు కణాల్లోకి దూరి ఉప్పునీ నీళ్లనీ బయటికి తోయిస్తుంది, కానీ చక్కెర, ఉప్పు కలిసి లోపలికి వెళ్లే దారిని మాత్రం పాడు చేయలేదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిలోనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో పెట్టిన శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ దాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగిస్తే, వందకి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. కాకపోతే ఓఆర్‌ఎస్ పోయిన నీళ్లని తిరిగి ఇస్తుంది గానీ విరేచనాలని ఆపదు. తల్లులకి దాని మీద నమ్మకం కుదరనిది అక్కడే.

జింక్ వచ్చింది పూర్తిగా వేరే వైపు నుంచి. బీహార్ నుంచి వెళ్లిన డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోని షిరాజ్‌లో ఎదుగుదల ఆగిపోయిన కుర్రాళ్లని చూశాడు. వయసు ఇరవై, చూడటానికి పదేళ్ల పిల్లాడు. తిండి పొట్టు తీయని గోధుమ రొట్టె, దానికి తోడు మట్టి తినే అలవాటు. కారణం జింక్ లోపమన్న ఆలోచన 1960ల మొదట్లో ఆయనతోనే మొదలైంది. విరేచనాల్లోనూ జింక్ ఒంట్లోంచి పోతుంది కాబట్టి, 1995లో ఢిల్లీలో 937 మంది పిల్లలకి ఇచ్చి చూశారు. విరేచనాలు సాగే ముప్పు 23 శాతం తగ్గింది. 2004కల్లా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వాళ్లకి 10, పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వమన్నాయి.

మరి జింక్ విషాన్నే అడ్డుకుంటుందా, లేక లోటు తీర్చి ఊరుకుంటుందా? దీన్ని తేల్చడానికి ఇటలీలో మనిషి పేగు కణాల మీద పరీక్ష చేస్తే, 2005లో వచ్చిన జవాబు సగం అవును, సగం కాదు. కలరా విషం వల్ల కారే నీటిని జింక్ తగ్గించింది, అదే ఈ-కోలై అనే ఇంకో క్రిమి వదిలే, వేడికి చెడని విషం దగ్గర ఏమీ చేయలేకపోయింది. రెండు విషాలూ కణం లోపల వేర్వేరు మీటలు నొక్కుతాయి, జింక్ చెయ్యి ఒకదాని మీదే ఆనుతుంది. అమెరికాలో బఫలోలో జాన్ క్రేన్ బృందం రక్త విరేచనాలు తెచ్చే ఇంకో రకం ఈ-కోలై మీద చూస్తే, అక్కడ జింక్ క్రిమి విషం తయారుచేయడాన్నే తగ్గించింది. వాళ్లు వాడిన పద్ధతుల్లో దే గారి కుందేలు పేగు పద్ధతీ ఉంది.

కాబట్టి జింక్ ఉంది కదా అని ఓఆర్‌ఎస్ ఆపితే ప్రాణం మీదకొస్తుంది, ఓఆర్‌ఎస్ మొదట, జింక్ దాని వెంట. మాత్ర వాంతి చేసుకుంటున్నాడని మానేసేవాళ్లకీ ఒక మాట: 2020లో ఇండియా, టాంజానియాల్లో 4,500 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో 5, 10 మిల్లీగ్రాములు కూడా 20తో సమానంగా పనిచేశాయి, వాంతులు తగ్గాయి. అలాగని మోతాదు మీకు మీరే మార్చకండి, డాక్టర్‌నో ఏఎన్‌ఎంనో అడగండి.

పద్నాలుగు రోజులు పూర్తయితే తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలొచ్చే అవకాశం తగ్గుతుందన్నాను అక్కతో. ఏమీ అనలేదు. చెంచాలో నీళ్లు పోసి అయిదో మాత్ర వేసింది, అది కరిగి తెల్లగా విడిపోయేదాకా చూసి, బాబుని ఒళ్లో పడుకోబెట్టుకుంది.