‘లిటిల్’ అంటే చిన్నదేనా? అనువాదంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ రెండూ ఒకటే, ముందున్న ‘ఎ’ ఉన్నా లేకపోయినా అర్థం మారదు.

వాస్తవం: నేను సరిదిద్దే ప్రతులలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు ఇక్కడే దొర్లుతుంది. ‘ఎ లిటిల్ హోప్’ అంటే కాస్తయినా ఆశ ఉందని. ‘లిటిల్ హోప్’ అంటే ఆశ దాదాపు లేదని. కొన్నేళ్ల క్రితం ఒక మందుల కరపత్రం తెలుగు ప్రతి నా దగ్గరకు వచ్చింది. మూలంలో ‘దేర్ ఈజ్ లిటిల్ రిస్క్ టు ద చైల్డ్’ అని ఉన్నచోట ‘బిడ్డకు కొంచెం ప్రమాదం ఉంది’ అని రాశారు. ధైర్యం చెప్పవలసిన వాక్యమే చదివి ఏ తల్లి భయపడి మందు మానేసేదో! ‘బిడ్డకు ప్రమాదం దాదాపు ఉండదు’ అని మార్చాను. ఇంగ్లీషు వాక్యంలో ‘నాట్’ కనిపించకపోయినా ఈ ‘లిటిల్’ వ్యతిరేకార్థాన్ని మోస్తుంది కనుక, తెలుగులో ఆ బరువును సాధారణంగా క్రియ మీదే పెట్టాలి.

అపోహ: ‘స్మాల్’, ‘లిటిల్’ ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు.

వాస్తవం: ‘స్మాల్ హౌస్’ ప్రధానంగా కొలత చెబుతుంది, ‘లిటిల్ హౌస్’ అనేటప్పుడు ఆ కొలతతో పాటు చెప్పేవారి మనసు కూడా తరచుగా వినిపిస్తుంది. అది ముద్దు కావచ్చు, జాలి కావచ్చు, ఈసడింపు కూడా కావచ్చు. మన ‘చిట్టి’లో మురిపెమే తప్ప ఈసడింపు పలకదు కాబట్టి, ఒకే తెలుగు మాటతో అన్నిచోట్లా నెట్టుకురాలేము. ‘నాస్టీ లిటిల్ మ్యాన్’ను ‘పొట్టివాడు’ అనడం పొరపాటు, ఎందుకంటే అక్కడ ఎత్తు ప్రసక్తే లేదు. ‘చిల్లర మనిషి’ అంటే ఆ ఏహ్యభావం చాలావరకు అందుతుంది. పాత ఇంగ్లీషులో ‘స్మాల్’కు సన్నని, ఇరుకైన అనే అర్థాలు ఉండేవి. దాని జర్మన్ తోబుట్టువు ‘ష్మాల్’కు నేటికీ ఇరుకైనదనే అర్థం. నడుము దగ్గర వీపు సన్నబడే చోటును ‘స్మాల్ ఆఫ్ ద బ్యాక్’ అనడంలో ఆ పాత అర్థమే మిగిలింది.

అపోహ: ‘లిటిల్ సిస్టర్’ అంటే చిన్న చెల్లెలు.

వాస్తవం: చెల్లెలు, అంతే. ‘చిన్న చెల్లెలు’ అని రాస్తే పాఠకులు పెద్ద చెల్లెలు ఎక్కడని వెతుకుతారు. ‘లిటిల్ ఫింగర్’ కూడా చిన్న వేలు కాదు, చిటికెన వేలు.