పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంగ్లీషులో పుట్ ఆఫ్ (put off) అంటే వాయిదా వేయడమే.

వాస్తవం: వాయిదా పడేది పని. పుట్ తర్వాత మనిషి వచ్చాడంటే అర్థం మారిపోతుంది. ‘వి పుట్ ద మీటింగ్ ఆఫ్’ అంటే మీటింగ్ వాయిదా వేశాం. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకు తినబుద్ధి కాలేదని. ‘ఇట్ పుట్ మీ ఆఫ్ మటన్’ అంటే మటన్ మీద ఇష్టమే పోయిందని. పరీక్ష రాస్తూనో, బ్యాటింగ్ చేస్తూనో ‘డోంట్ పుట్ మీ ఆఫ్’ అంటే నా ధ్యాస చెదరగొట్టొద్దని. బాకీ అడిగితే రేపు రా, మాపు రా అని తిప్పేవాడి గురించి కూడా ‘హి కీప్స్ పుట్టింగ్ మీ ఆఫ్’ అనే అంటారు. వాక్యం వినగానే పుట్ ఆఫ్ చేసింది పనినా, మనిషినా అని చూడండి. సగం తికమక అక్కడే తీరిపోతుంది.

అపోహ: రద్దు చేసినా పుట్ ఆఫ్ అనొచ్చు.

వాస్తవం: రద్దుకు కాల్ ఆఫ్ ఉంది. పెళ్లి పుట్ ఆఫ్ అయితే మరో ముహూర్తం చూస్తారు. కాల్ ఆఫ్ అయితే ఇక ఆ పెళ్లే లేదు.

అపోహ: రెండు మాటలూ ఎప్పుడూ పక్కపక్కనే ఉండాలి.

వాస్తవం: నామవాచకమైతే ‘పుట్ ఆఫ్ ద ట్రిప్’, ‘పుట్ ద ట్రిప్ ఆఫ్’ రెండూ సరే. ఇట్, దెమ్ లాంటి సర్వనామమైతే మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. నామవాచకం మరీ పొడవైతే దాన్ని ఆఫ్ తర్వాతే పెట్టండి, వినేవాళ్లకు సుళువు.

పుట్ ఆఫ్ తర్వాత ఇంకో క్రియ వస్తే ఐఎన్‌జీ రూపమే వాడాలి: ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్’. ‘పుట్ ఆఫ్ టు గో’ అనకూడదు. తెలుగులో ‘వెళ్లడం వాయిదా వేశాను’ అంటాం గానీ ‘వెళ్లడానికి వాయిదా వేశాను’ అనం కదా, అలాగే గుర్తుపెట్టుకోండి.

అపోహ: భూతకాలంలో పుట్టెడ్ అనాలి.

వాస్తవం: క్రియ మూడు రూపాలూ పుట్ (put) అనే ఉంటాయి. putted అని ఎక్కడైనా కనిపిస్తే అది వేరే క్రియ: గోల్ఫ్‌లో బంతిని మెల్లగా గుంతవైపు కొట్టడాన్ని పట్ (putt) అంటారు, పట్టెడ్ దాని భూతకాలం. ‘షి పుట్ ఇట్ ఆఫ్’లో ఎస్ లేదంటే జరిగిపోయిన సంగతి. ‘షి పుట్స్ ఇట్ ఆఫ్’ అంటే అది ఆమెకు అలవాటు.

అపోహ: ‘పుట్ ఆఫ్ ద లైట్’ మనవాళ్లు పుట్టించిన తప్పు.

వాస్తవం: బ్రిటిష్ వాడుకలోనూ ఉంది. ఇప్పుడు టర్న్ ఆఫ్, స్విచ్ ఆఫ్ ఎక్కువ వినిపిస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు అవే మేలు. మంటను, సిగరెట్‌ను ఆర్పడానికి మాత్రం పుట్ అవుట్.