సైకిల్ మీద కొండెక్కడం: ఆదివారం రైడ్‌లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

విశాఖలో మా ఆదివారం సైకిల్ రైడ్‌లో నా చోటు అందరికన్నా వెనక. ఆ పనిని స్వీప్ అంటారు. వెనకబడినవాళ్లకి తోడుండాలి, పంక్చర్ పడితే చూడాలి, ఎవర్నీ దారిలో వదిలేయకుండా తీసుకురావాలి. ఆర్కే బీచ్‌లో బయల్దేరి కైలాసగిరి ఎక్కినా, తొట్లకొండకి వెళ్లినా, యారాడ కొండ దాటినా నాకు కనిపించేవి అందరి వీపులూ, వెనక చక్రాలే. ఎవరు ఎక్కడ ఎందుకు ఆగిపోతారో అక్కణ్ణుంచి బాగా తెలుస్తుంది. చాలామంది ఆగేది ఎవరో చెప్పిన మాట నమ్మి.

అపోహ: చిన్న గేర్ చేతకానివాళ్లకి

అన్నిటికన్నా ఎక్కువమందిని దింపేసేది ఇదే. బీచ్ రోడ్డు మీద సాఫీగా నడిచింది కదా అని ముందు, అంటే పెడల్ దగ్గర, పెద్ద పళ్లచక్రం మీదే చైన్ ఉంచి అప్ (ఎక్కుడు దారి) మొదలుపెడతారు. ముందు 42 పళ్లు, వెనక 21 పళ్లు అనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ నాలుగున్నర మీటర్లు పోవాలి. అప్‌లో అలా లాగాలంటే ప్రతి తొక్కుకీ ఒంటి బరువులో చాలా భాగం పెడల్ మీద వేయాల్సిందే. ఎంతసేపు వేస్తారు?

అదే చిన్న గేర్‌లో, అంటే ముందు 22, వెనక 34 పళ్లున్న ఎంటీబీ (మౌంటెన్ బైక్) అయితే చుట్టుకి దాదాపు మీటరున్నరే కదులుతుంది. నిమిషానికి 70 చుట్లు తిప్పితే గంటకి 6 కిలోమీటర్ల స్పీడు. "ఏటండీ ఇది, నడిచినట్టుంది" అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి. ఆ స్పీడులో ఊపిరి అందుతుంది, పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడొచ్చు, ఆగకుండా పైకి చేరొచ్చు. నవ్వినవాళ్లు రెండో మలుపు దగ్గర హ్యాండిల్ మీద వాలిపోయి, ఫోనేదో వచ్చినట్టు నటిస్తూ కనిపిస్తారు.

గేర్ మార్చే సమయం ఇంకో గొడవ. కాళ్లు బరువెక్కాక మారుద్దాంలే అనుకుంటారు. అప్పటికి చైన్ తాడులా బిగిసి ఉంటుంది. గేర్ లివర్ నొక్కగానే కటకటమని చప్పుడు, చైన్ పళ్ల మీద నుంచి జారి చిన్న పళ్లచక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటుంది. సైకిల్ ఉన్నచోటే నిలబడిపోతుంది. షూ పెడల్‌కి బిగించుకున్నవాళ్లయితే కాలు తీసేలోపు పక్కకి పడిపోతారు. అందుకే అప్ కనిపించగానే, రోడ్డింకా చదునుగా ఉండగానే చైన్‌ని ముందున్న చిన్న పళ్లచక్రం మీదకి దించుకోండి. ఆలస్యమైపోయిందా? ఒక చుట్టు గట్టిగా తొక్కి, ఆ ఊపు మీద కాలు కాస్త తేలిక చేసి, పెడల్ తిరుగుతుండగా అప్పుడు లివర్ నొక్కండి. చైన్ చప్పుడు లేకుండా కూర్చుంటుంది.

అపోహ: కార్బన్ సైకిల్ కొంటే కొండ దానంతటదే ఎక్కేస్తుంది

లెక్క చూద్దాం. 75 కిలోల మనిషి, 13 కిలోల సైకిల్, మొత్తం 88. సైకిల్లో రెండు కిలోలు తగ్గిస్తే, 20 నిమిషాలు పట్టే అప్‌లో మిగిలేది అర నిమిషం కూడా ఉండదు. పోటీల్లో ఆ అర నిమిషం బంగారం. మనకి పైన టీ కొట్టు దగ్గర అర నిమిషం ముందు కూర్చోవడానికి పనికొస్తుందంతే. అంత డబ్బు పెట్టేకన్నా వెనక ఇంకాస్త పెద్ద పళ్లచక్రం ఉన్న ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వేయించుకోండి. మీ డిరైలర్‌కి (గేర్ మార్చేటప్పుడు చైన్‌ని జరిపే భాగానికి) అది పడుతుందో లేదో మెకానిక్‌ని అడిగాకే కొనండి.

అపోహ: గ్రూప్ రైడ్ అంటే కొండ మీద కూడా అందరూ కలిసే వెళ్లాలి

చదును రోడ్డు మీద 25, 30 కిలోమీటర్ల స్పీడులో ముందువాళ్ల వెనక అంటిపెట్టుకుని తొక్కితే గాలి తగలదు, శ్రమ బాగా తగ్గుతుంది. కొండ మీద 8 కిలోమీటర్ల స్పీడులో గాలి పెద్ద అడ్డు కాదు, అడ్డల్లా మీ బరువే. అది ఎవరిది వాళ్లే మోయాలి. అయినా మొదటి 200 మీటర్లు స్నేహితుడి పక్కనే ఉండాలని పంతం పట్టి, మిగతా దారంతా రొప్పుతూ ఉంటారు. అప్ మొదట్లో "ఇంత నెమ్మదిగానా" అనిపిస్తే సరైన స్పీడులో ఉన్నట్టే. ఎవరి వేగంతో వాళ్లు ఎక్కి పైన కలుసుకోండి. కలుసుకున్నాక చివరివాళ్లు రాగానే బయల్దేరిపోకండి, వాళ్లకీ అయిదు నిమిషాలు కావాలి. ఈ మర్యాద పాటించని గ్రూపులో కొత్తవాళ్లు రెండోసారి కనిపించరు.

యారాడ వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. కొండ దాటి బీచ్‌కి దిగాక, తిరిగి రావాలంటే ఆ దిగిందే మళ్లీ ఎక్కాలి, అదీ ఎండ ముదిరాక.

దిగి నడిపిస్తే రైడ్ లెక్కలోకి రాదన్న మాట కూడా వింటుంటాను. ఎవరి లెక్కలో?

అపోహ: ఎంత చెమట కారితే అంత కొవ్వు కరుగుతుంది

కారేది నీళ్లూ ఉప్పూ. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అప్‌లో స్పీడు తక్కువ, ఎదురుగాలి ఉండదు, ఉక్కపోత రెట్టింపు. దాహం వేశాక సీసా ఎత్తి గటగటా తాగేకన్నా కింద నుంచే రెండేసి గుక్కలు తాగుతూ రావాలి. ఎక్కువసేపు తొక్కే రోజున ఉప్పేసిన నిమ్మరసమో ఓఆర్‌ఎస్సో వెంట ఉంచుకోండి. తల తిరిగినా, వణుకొచ్చినా వెంటనే దిగి నీడలో కూర్చోవాలి. అక్కడ పట్టుదల పనికిరాదు.

కేలరీల విషయానికొస్తే, కైలాసగిరి ఎత్తు 173 మీటర్లు. సముద్రం ఒడ్డు నుంచి ఎక్కామనుకున్నా, పైన చెప్పిన 88 కిలోలని ఆ ఎత్తుకి చేర్చడానికి ఒంట్లో ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. కిందకొచ్చి తినే ఉప్మా పెసరట్టు, దాని మీద కాఫీ అంతకన్నా ఎక్కువే. తినొద్దని నేననను, పెసరట్టు లేని ఆదివారం నాకూ పడదు. బరువు తగ్గడానికే వస్తున్నామంటే మాత్రం బీచ్ రోడ్డు మీద వారం పొడవునా తొక్కాల్సిందే.

అపోహ: సైకిల్ తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయి

నొప్పి అని వచ్చేవాళ్లలో చాలామంది సీటు చూస్తే బాగా కిందకి ఉంటుంది, రెండు పాదాలూ నేలకి ఆనాలని. సీటు మీద కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కిందకి తిప్పండి. కాలు పూర్తిగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు ముందు పాదం వాడతాం కాబట్టి మోకాలు కాస్త వంగి సరిపోతుంది. సీటూ గేరూ సరిచేశాక కూడా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

అపోహ: కష్టమంతా ఎక్కడంలోనే, దిగడం రెస్టు

నాకు టెన్షన్ మొదలయ్యేది పైకి చేరాకే. ఎక్కేటప్పుడు పడితే మోచెయ్యి గీసుకుంటుంది. దిగేటప్పుడు పడితే అలా పోదు. ముందు బ్రేక్ పడితే బోర్లా పడతామని భయపడి చాలామంది వెనక బ్రేకే పట్టుకుంటారు. వెనక చక్రం బిగుసుకుని జారుతుంది, సైకిల్ ఆగదు. ఆపే శక్తి ఎక్కువ ముందు బ్రేక్‌లోనే ఉంది. రెండూ కలిపి, ఒక్కసారిగా కాకుండా, మలుపు రాకముందే పట్టి స్పీడు తగ్గించుకుని మలుపులో వదిలేయాలి. ఒంటిని సీటు వెనక్కి జరుపుకోవాలి. అరకు ఘాట్ లాంటి పొడవైన డౌన్‌లో రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి) అదేపనిగా పట్టుకుంటే రిమ్ కాలిపోయేంత వేడెక్కి ట్యూబ్ పేలొచ్చు. వాన పడ్డాక మలుపుల్లో ఎర్రమట్టి, కంకర కొట్టుకొచ్చి ఉంటాయి, అక్కడ వంచారో చక్రం జారినట్టే. పైన ఫొటోలయ్యాక బయల్దేరే ముందు బ్రేక్ షూలు ఒకసారి చూసుకోండి, హెల్మెట్ పట్టీ మళ్లీ బిగించుకోండి.

అపోహ: చైన్‌కి ఎంత నూనె పోస్తే అంత మంచిది

ఇక్కడ ఉప్పుగాలికి చైన్ త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి నూనె వేయాలి, నిజమే. వంటింట్లో కొబ్బరినూనె, బండి నుంచి తీసేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. ఎక్కువైన నూనెకి బీచ్ రోడ్డు ఇసుక అంటుకుని పళ్లని అరగదీస్తుంది. చైన్ లూబ్ (సైకిల్ చైన్ నూనె) లింకుకి ఒక చుక్క చొప్పున వేసి, పెడల్ వెనక్కి తిప్పి, కాసేపాగి, పాత గుడ్డతో పైపైనంతా తుడిచేయండి. శనివారం రాత్రే చేసుకోండి. ఆదివారం తెల్లవారుజామున అందరూ నన్నే గుడ్డ అడుగుతున్నారు.