వయొలిన్ లోపలి చీటీ

తిరుపతిలో మా వీధిలో ఒక అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. ఇంట్లోవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ వయొలిన్ లోపలికి టార్చి వేసి చూస్తే ఒక చీటీ కనిపించింది. దాని మీద స్ట్రాడివేరియస్ అని పేరు, కింద 1721 అని సంవత్సరం. ముందు సంబరపడ్డారు, ఆ తర్వాత అనుమానం వచ్చి నన్ను పిలిచారు.

స్ట్రాడివేరియస్ అంటే స్ట్రాడివరి పేరుకు లాటిన్ రూపం. ప్రపంచ ప్రసిద్ధుడైన ఆంటోనియో స్ట్రాడివరి ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసి 1737లో కన్నుమూశాడు. ఆయన చేతివి ఇప్పుడు మిగిలినవి కొన్ని వందలే. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని మిర్కూర్‌లో, జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో చవక వయొలిన్లు వేలకు వేలు తయారయ్యాయి. చాలావాటిలో ఆయన పేరుతోనే చీటీ అంటించారు. అది ఆయన నమూనాలో చేసినదని కొనేవాళ్లకు ధరను బట్టే తెలిసేది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాక, కొన్ని చీటీల్లో స్ట్రాడివరి పేరు కిందే 'మేడ్ ఇన్ జర్మనీ' అని కూడా అచ్చు వేశారు. చేతులు మారేకొద్దీ అసలు సంగతి మరుగున పడి, తాతగారి అటకమీది పెట్టె 'అసలు స్ట్రాడివేరియస్' అయిపోయేది.

నమూనా కాపీకీ, పేరు మోసానికీ మధ్య గీత గిటార్ల కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1970లలో జపాన్ ఐబనెజ్ గిటార్లు అమెరికా కంపెనీ గిబ్సన్ గిటార్ల ఆకారాన్ని అచ్చంగా దించేశాయి. 1977లో గిబ్సన్ యజమాని సంస్థ నార్లిన్, గిటారు తల ఆకారం మీద అమెరికాలో కేసు వేసింది. అది రాజీతో ముగిసింది. అయితే ఆ గిటార్ల మీద ఐబనెజ్ అనే పేరే ఉండేది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరికే డూప్లికేట్లలో గిబ్సన్ పేరు, సీరియల్ నంబరు కూడా దొంగవే. నా దృష్టిలో ఆకారం కాపీ కొట్టడం ఒక తగాదా, పేరు దొంగిలించడం వేరే నేరం. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు (జీఐ, అంటే ఆ ఊరి పేరును బయటివాళ్లు వాడకుండా చట్టం ఇచ్చే రక్షణ) తెచ్చుకున్నది కూడా అందుకే. పనస చెక్కను తొలిచి వీణ చేసే, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్లకు ఆ పేరే ఆస్తి.

మన ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం దొంగ పేరు వేసినవాళ్లకే కాదు, ఆ సరుకు అమ్మినవాళ్లకూ ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. తెలిసి కొని, వాడి, సెకండ్ హ్యాండ్‌లో అదే పేరుతో అమ్మితే మనమూ ఆ వరసలో చేరినట్టే. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాళ్ల వివరాలు, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో చూపించాలి. సరుకు నకిలీదైతే వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఉంది.

నన్ను బాధపెట్టేది డబ్బు నష్టం ఒక్కటే కాదు. ఆ వయొలిన్‌లో తీగలు బిగించే బిరడాలు పట్టు నిలిచేవి కావు. సా-పా కలిపి గీతం మొదలుపెట్టేలోపే శ్రుతి దిగిపోయేది. తన చెవే బాగాలేదనుకుని ఆ పిల్ల మూడు నెలలు టెన్షన్ పడింది. చివరికి మాస్టారు తన వయొలిన్ చేతికిచ్చి వాయించమన్నారు. రెండు వరసలు విని, "తప్పు నీది కాదమ్మా, ఈ పెట్టెది" అన్నారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆ అమ్మాయి సంగీతమే మానేసేది.

వెనక్కి పంపే గడువు అప్పటికే దాటిపోయింది. వాళ్ల నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో పెట్టాడు. చీటీ ఫొటో కూడా జతచేసి, కింద ఇలా రాశాడు: "ఎవరు చేశారో తెలియదు. లోపలి పేరు నిజం కాదు. బిరడాలు మార్పించుకోవాలి."

కొన్న ధరలో నాలుగో వంతు కూడా రాలేదు.