తాతగారి డిశ్చార్జి పుస్తకంలో పొడి అక్షరాలు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలిటరీకి మనిషిని పంపని ఊరు అరుదు. ఆ ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున ఒక పాత డిశ్చార్జి పుస్తకం ఉంటుంది. అట్ట ఊడి, మడత దగ్గర చిరిగి, సగం సిరా వెలిసిపోయి ఉంటుంది. ఆర్మీలో క్లర్కుగా పనిచేసి వచ్చినవాడిని కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని నా దగ్గరకు తెస్తారు. పుస్తకంతో పాటు చాలామంది అందులోని పొడి అక్షరాలకు ఒక అర్థం కూడా మోసుకొస్తారు. మనవడు ఫోనులో వెతికి చెప్పిందో, ఊళ్లో పెద్దమనిషి తేల్చిందో. ఆ అర్థం పట్టుకుని, రావలసిన పింఛనుకు దరఖాస్తే పెట్టనివాళ్లు ఉన్నారు. ఏ తప్పూ చేయని తాతను ఏళ్ల తరబడి అనుమానించినవాళ్లూ ఉన్నారు.

సైన్యం కాగితాల్లో పొడి అక్షరానికి దానంతట దానికి అర్థం ఉండదు. అది ఏ గడిలో ఉంది, పక్కన ఏ తేదీ ఉంది, ఆ మనిషి సైన్యంలో ఏ విభాగంలో, అంటే ఏ కోర్‌లో పనిచేశాడు అన్నవి కలిపి చూస్తేనే తెలుస్తుంది.

అపోహ: ఎస్‌ఓఎస్ అని రాశారంటే ఉద్యోగంలోంచి తీసేశారు.

వాస్తవం: స్ట్రక్ ఆఫ్ స్ట్రెంత్ అన్నదానికి పొడి రూపం ఎస్‌ఓఎస్. ఆ రోజు నుంచి ఆ మనిషి ఆ యూనిట్ లెక్కలో లేడని మాత్రమే. దానికి జోడీ టీఓఎస్, టేకెన్ ఆన్ స్ట్రెంత్, అంటే కొత్త యూనిట్ లెక్కలోకి తీసుకున్నారని. బదిలీ అయిన ప్రతిసారీ ఈ రెండూ పడతాయి. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, మామగారి పుస్తకంలో పేజీ నిండా ఎస్‌ఓఎస్‌లు చూపించి "ఇన్నిసార్లు తీసేశారా బాబూ?" అని అడిగింది. అన్నిసార్లు తీసేసినవాడిని అన్నిసార్లు ఎలా చేర్చుకుంటారమ్మా అన్నాను.

ఆ వరుసను ఎలా చదవాలో చెబుతాను. ఒక యూనిట్ ఎస్‌ఓఎస్ తేదీకీ, తర్వాతి యూనిట్ టీఓఎస్ తేదీకీ మధ్య కొన్ని రోజుల ఎడం ఉంటే అది ప్రయాణం, సెలవు, ఆసుపత్రి లేదా కోర్సు అయి ఉంటుంది. ఎడం మరీ పెద్దదైతే అప్పుడు ఏడబ్ల్యూఎల్, ఓఎస్‌ఎల్ అన్న అక్షరాలు వెతకాలి. మొదటిది సెలవు లేకుండా వెళ్లడం, రెండోది సెలవు దాటి ఉండిపోవడం. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి ఎస్‌ఓఎస్. దాని పక్కనున్న నాలుగు మాటల్లోనే కుటుంబానికి కావలసిన సంగతంతా ఉంటుంది: పెన్షన్ ఎస్టాబ్లిష్‌మెంట్‌కు వెళ్లాడా (అంటే పింఛనుతో వచ్చాడా), రిజర్వుకు వెళ్లాడా, సొంత కోరికపై వచ్చేశాడా, సర్వీసులో ఉండగానే చనిపోయాడా. తేదీ పక్కన ఎఫ్‌ఎన్, ఏఎన్ అని ఉంటే పూర్వాహ్నం, అపరాహ్నం. సర్వీసు రోజులు లెక్కపెట్టేటప్పుడు ఆ ఒక్క పూట కూడా పనికొస్తుంది.

అపోహ: క్యాజువాల్టీ అని ఉంది కాబట్టి యుద్ధంలో గాయపడ్డారు.

వాస్తవం: సైన్యం రాతకోతల్లో క్యాజువాల్టీ అంటే మనిషి స్థితిలో వచ్చిన ఏ మార్పైనా. పెళ్లి క్యాజువాల్టీయే, బిడ్డ పుట్టడం క్యాజువాల్టీయే, ప్రమోషన్, సెలవు, కోర్సు పాసవడం అన్నీ క్యాజువాల్టీలే. ఇవన్నీ యూనిట్ వెలువరించే పార్ట్ టూ ఆర్డర్‌లో ప్రకటించి, ఆ ఆర్డరు నెంబరు రికార్డులో ఎక్కిస్తారు. నిజంగా యుద్ధంలో జరిగినవాటికి వేరే అక్షరాలున్నాయి. కేఐఏ అంటే పోరులో మరణం. డీఓడబ్ల్యూ అంటే గాయాలతో తర్వాత మరణం. పీఓడబ్ల్యూ అంటే యుద్ధఖైదీ.

పెళ్లి క్యాజువాల్టీ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే కుటుంబ పింఛను తగాదాల్లో చాలా భాగం అక్కడే మొదలవుతాయి. పార్ట్ టూ ఆర్డర్‌లో భార్య పేరు ఎక్కితే సరి, లేదంటే భర్త పోయాక ఆమె తన పెళ్లిని తానే రుజువు చేసుకోవాలి. ఎక్కిన పేరైనా సరిగ్గా ఎక్కదు. మన అప్పలనరసమ్మ ఎక్కడో ఉత్తరాది యూనిట్‌లో గుమస్తా చేతిలో అప్పలమ్మ అయిపోతుంది, ఇంటిపేరు పేరు చివరికి వెళ్లిపోతుంది. ఆధార్‌లో ఒకటి, పింఛను ఉత్తర్వు పీపీఓలో ఒకటి. మాజీ సైనికుడు బతికుండగా ఒక దరఖాస్తుతో సరిపోయే పని, ఆయన పోయాక అఫిడవిట్లు, సాక్షులు, తిరుగుళ్లు. ఇంట్లో పెద్దాయన ఉండగానే ఈ పేజీ చూసుకోండని నేను అందరికీ చెబుతాను. వినేవాళ్లు తక్కువ.

అపోహ: మెడ్ రెజిమెంట్ అంటే మెడికల్.

వాస్తవం: మీడియం రెజిమెంట్. ఆర్టిలరీ, అంటే ఫిరంగుల దళం. డాక్టరు పక్కన పనిచేశాడనుకున్న తాత నిజానికి తోపుల దగ్గర గన్నర్. ఇదే బాపతువి ఇంకొన్ని: పేరు ముందు సెప్ అంటే సెపాయి, తేదీ గడిలో అయితే సెప్టెంబరు. ఏటీటీ అని పోస్టింగు గడిలో ఉంటే వేరే యూనిట్‌కు జతచేశారని, అదే మెడికల్ బోర్డు గడిలో ఉంటే జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని. నడవడిక గడిలో ఈఎక్స్ అంటే మాజీ కాదు, ఎగ్జెంప్లరీ. అంటే ఆదర్శప్రాయమైన నడవడిక. అంతకన్నా మంచి మాట ఆ గడిలో రాయరు.

అన్నిటిలోకీ తిప్పలు పెట్టేది ఎస్‌ఎం. పేరు తర్వాత ఉంటే సేనా మెడల్. హోదా గడిలో ఉంటే సుబేదార్ మేజర్. యూనిట్ గడిలో మధ్యన ఒక అండ్ గుర్తుతో కనిపిస్తే శాపర్స్ అండ్ మైనర్స్, బెంగళూరు కేంద్రంగా ఉన్న నేటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కు పాత పేరులోని భాగం. ఇక్కడ తేదీ సాయపడుతుంది. సేనా మెడల్‌ను ప్రవేశపెట్టింది 1960లో. 1944లో డిశ్చార్జయిన మనిషికి సేనా మెడల్ ఉందని గోడ మీద ఫొటో కింద రాయించుకుంటే చూసినవాళ్లు నవ్వుతారు.

అపోహ: జమేదారు అంటే ఆఫీసులో బంట్రోతు లాంటి ఉద్యోగం.

వాస్తవం: మన కలెక్టరాఫీసుల్లో జమేదారు, దఫేదారు అన్నవి కింది మెట్టు ఉద్యోగాలు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సైన్యంలో జమేదార్ అంటే నేటి నాయబ్ సుబేదార్. 1965 వరకు ఆ హోదాను జమేదార్ అనేవారు. రికార్డులో జెమ్ అని కనిపిస్తుంది. సాధారణ సిపాయిగా చేరి అక్కడిదాకా వెళ్లడమంటే చిన్న విషయం కాదు. దఫేదార్ అంటే అశ్వికదళం నుంచి వచ్చిన రెజిమెంట్లలో హవల్దార్‌కు సమానం.

ఇలాంటిదే డీఎస్సీ. ఆంధ్రాలో డీఎస్సీ అనగానే టీచరు పోస్టు గుర్తొస్తుంది. ఒక కుర్రాడు మా తాత మిలిటరీ నుంచి వచ్చి డీఎస్సీ కొట్టాడని గర్వంగా చెప్పాడు. రికార్డులో ఉన్నది డిఫెన్స్ సెక్యూరిటీ కోర్. సైన్యం నుంచి రిటైరైనవాళ్లు మళ్లీ చేరి రక్షణ సంస్థలకు కాపలా కాసే దళం. మన వైపు ఇందులో చేరినవాళ్లు బాగానే ఉన్నారు. చేరినప్పుడు కొత్త సర్వీసు నెంబరు ఇస్తారు. ఒకే మనిషికి రెండు నెంబర్లు కనబడితే దొంగ కాగితమని కంగారుపడక్కర్లేదు. పైగా మొదటి పింఛను అలాగే ఉంచుకుని, ఆ సర్వీసును దీనితో కలపకుండా, డీఎస్సీలో వేరుగా 15 ఏళ్లు పూర్తిచేసినవాళ్లకు రెండో పింఛనుకూ అర్హత ఉంటుంది.

అపోహ: ఎన్‌సీఈ అని ఉంటే సైనికుడే కాదు.

వాస్తవం: నాన్ కంబాటెంట్ ఎన్‌రోల్డ్. వంట, క్షవరం, బట్టలుతకడం, పారిశుద్ధ్యం వంటి పనులకు సైన్యంలో చేర్చుకున్నవారు. మాజీ సైనికుడి నిర్వచనంలోనే కంబాటెంట్ అయినా నాన్ కంబాటెంట్ అయినా అని స్పష్టంగా ఉంది. ఈ అక్షరాలు బయటపడతాయని పుస్తకాన్నే దాచేసిన కుటుంబాలను చూశాను. ఆ పనులు లేకపోతే ఏ పటాలమూ ఒక్క వారం నిలబడదు. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు, వదులుకోవాల్సిందీ లేదు.

అపోహ: మెడికల్ కేటగిరీ బీఈఈ అంటే ఏదో జబ్బు పేరు.

వాస్తవం: ఏవైఈ, బీఈఈ, సీఈఈ అన్నవి ఏ, బీ, సీ అక్షరాలనే ఉచ్చారణ ప్రకారం రాసినవి. వినికిడిలో, రాతలో పొరపాటు రాకుండా అలా రాసేవారు. ఏవైఈ అంటే పూర్తి ఫిట్. కిందికి వెళ్లేకొద్దీ శరీరదారుఢ్యం తగ్గినట్టు. పక్కన టీ ఉంటే తాత్కాలికం, పీ ఉంటే శాశ్వతం. తర్వాతి కాలంలో షేప్ వచ్చింది. ఐదు అక్షరాలు వరుసగా మానసిక స్థితి, వినికిడి, కాళ్లూ చేతులూ, శరీర సామర్థ్యం, కంటిచూపు. షేప్ వన్ అంటే అన్నీ బాగున్నాయని.

కానీ ఆ పేజీలో నేను మొదట వెతికేది ఎన్‌ఏఎన్‌ఏ. సైనికులు నానా అనే చదువుతారు, పెట్టే బాధలు కూడా నానా రకాలే. నీదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్, అంటే ఆ జబ్బు సైనిక సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని మెడికల్ బోర్డు తేల్చిన మాట. ఈ నాలుగక్షరాలు పడితే వైకల్య పింఛను ఆగిపోతుంది. చూడగానే చాలామంది ఇక చేసేదేమీ లేదని పుస్తకం మూసేస్తారు. చేసేది ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏమన్నదంటే, చేరేనాటి వైద్య పరీక్షలో ఆ జబ్బు ఉన్నట్టు రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి, తర్వాత వచ్చిన జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని రుజువు చేయాల్సిన బరువు యాజమాన్యం మీదే ఉంటుంది. అందుకని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి: చేరినప్పటి పరీక్ష, బయటికి వచ్చేటప్పటి బోర్డు. మొదటిదాంట్లో లేని జబ్బు రెండోదాంట్లో ఉంటే, వైకల్య శాతం గడిలో 20 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అప్పీలు సంగతి అడగండి. ప్రతి కేసూ గెలుస్తుందని నేను అనను. పుస్తకం మూసేయవద్దనే అంటాను.

అపోహ: కలర్ సర్వీస్ ఏడేళ్లే కాబట్టి పింఛను లేదు.

వాస్తవం: ఇక్కడ కలర్స్ అంటే పటాలం జెండా. ఆ జెండా కింద నిజంగా పనిచేసిన కాలం కలర్ సర్వీస్. పాత ఒప్పందాల్లో ఏడేళ్లు కలర్, ఎనిమిదేళ్లు రిజర్వు వంటి లెక్కలుండేవి. రిజర్వు అంటే ఇంట్లో ఉన్నా, పిలిస్తే వెళ్లాల్సిన కాలం. రెండూ కలిపి 15 ఏళ్లు పూర్తయితే రిజర్విస్టు పింఛను వస్తుంది. కనుక కలర్ గడి ఒక్కటే చూడకుండా రిజర్వు గడి కూడా చూడాలి.

అపోహ: తాత యాభయ్యారు ఏపీఓ అనే ఊళ్లో పనిచేశారు.

వాస్తవం: అది ఊరు కాదు, ఆర్మీ పోస్టాఫీసు చిరునామా. 56 ఏపీఓకు వెళ్లే ఉత్తరాలు ఢిల్లీలో, 99 ఏపీఓకు వెళ్లేవి కోల్‌కతాలో పోగై అక్కడినుంచి యూనిట్లకు వెళ్లేవి. యూనిట్ ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. కవరు మీద అంకె చూసి ఏ వైపు సరిహద్దో ఊహించవచ్చు, అంతకుమించి చెప్పలేం.

అపోహ: రికార్డులో జిల్లా వైజాగపటం అని ఉంది, కాబట్టి మా తాతది కాదు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. విజయనగరం జిల్లా 1979లో. 1950కి ముందు చేరినవాళ్లకు వైజాగపటం అనే రాస్తారు. ఇంకా వెనక్కి, 1936కు ముందు చేరిన చికాకోల్ తాలూకా మనిషికి గంజాం జిల్లా అని ఉంటుంది. శ్రీకాకుళానికి ఇంగ్లిష్‌వాళ్ల పేరు చికాకోల్. సాలూరు, పార్వతీపురం, పాలకొండ స్పెల్లింగులు గుమస్తాను బట్టి రకరకాలు.

చిరునామా గడిలో ఎన్‌ఆర్‌ఎస్, ఎన్‌టీఓ అని రెండుంటాయి. దగ్గరి రైల్వేస్టేషను, దగ్గరి టెలిగ్రాఫ్ ఆఫీసు. రైలు పాసు ఎక్కడికి ఇవ్వాలో, తంతి ఎక్కడికి కొట్టాలో తెలియడానికి రాసుకునేవారు. ఇప్పుడవే మనకు దారి చూపుతాయి. ఊరి పేరు పోల్చుకోలేని స్థితిలో ఉన్నా ఎన్‌ఆర్‌ఎస్ చికాకోల్ రోడ్ అని ఉంటే ఆమదాలవలస చుట్టుపక్కల వెతకాలి, ఎందుకంటే నేటి శ్రీకాకుళం రోడ్ స్టేషను అదే. నౌపడ అని ఉంటే టెక్కలి వైపు. అప్పలనాయుడు అన్న పేరుతో ఒక్క మండలంలోనే ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు. పేరుకన్నా స్టేషను నమ్మకమైన గుర్తు.

అపోహ: పుస్తకం పోతే అంతా పోయినట్టే.

వాస్తవం: ఇది సగం నిజం. పింఛను లేకుండా వచ్చినవారి కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. అయితే లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరును శాశ్వతంగా ఉంచుతారు. అందులో నెంబరు, పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ వంటి ముఖ్యాంశాలుంటాయి. అడగాల్సింది ఢిల్లీని కాదు, ఆ కోర్ రికార్డు ఆఫీసును. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మరమ్మతులు చూసే ఈఎంఈకి, ఆయుధ సామగ్రి సరఫరా చూసే ఆర్డ్‌నెన్స్‌కు సికింద్రాబాద్, డీఎస్సీకి కన్నూర్. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిరానివారి కోసమైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాను ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. బర్మాలో సమాధి తెలియకుండా పోయినవారి పేర్లు రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000 ఉన్నాయి. వెతికేటప్పుడు చికాకోల్ అన్న స్పెల్లింగు మర్చిపోవద్దు.

ఉత్తరంలో సర్వీసు నెంబరు రాస్తే జవాబు వచ్చే ఆశ ఉంటుంది, పేరొక్కటే రాస్తే దాదాపు ఉండదు. పుస్తకం లేక నెంబరు తెలియకపోతే ఇంట్లో మెడల్ ఉందేమో చూడండి. స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యం ఇచ్చిన మెడళ్ల అంచు మీద నెంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. చింతపండుతో మాత్రం తోమకండి. అప్పటికే అరిగిన అక్షరాలు దాంతో పూర్తిగా పోతాయి. పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఏటవాలుగా పట్టుకుని, ఫోనుతో అంచు చుట్టూ నాలుగైదు ఫొటోలు తీసి పట్టుకురండి.